దసరా బొట్టు పెట్టిన డబ్బా

కోరుట్లలో కల్లు గీతకు తాళ్లెక్కే వెంకటేశం బిడ్డ సరితకు భయమే లేదని వాడకట్టంతా అనుకునేది. జగిత్యాలలో ఓ ప్రైవేటు ఆసుపత్రి కంప్యూటర్లు, వైర్లు, నెట్‌వర్కు అన్నీ ఒక్కతే చూసుకుంటుంది మరి. ఆ ధీమా కాస్తా దసరా మర్నాడు పొద్దున పదకొండింటికి ఆవిరైపోయింది.

రాయికల్ దగ్గర తాటిచెట్టు మీంచి పడ్డ భూమయ్యను తీసుకొచ్చారు. తలకు స్కానింగు తీశారు. ఆ బొమ్మలు కరీంనగర్‌లోని స్కానింగు డాక్టరుకు చేరితే ఆయన చూసి చెప్పాలి. అవేమో కదలడం లేదు. ఫోనులో ఫొటో తీసి పంపితే, వీటితో ఏమీ చెప్పలేనన్నాడాయన.

"సరితా, జల్దీ చూడు. లోపల రక్తం కారితే ఇక్కడ మనతోని కాదు, ఎంటనే పంపాలె. ఏం తెల్వకుండ అంత దూరం కదిలిచ్చుడు గూడ మంచిది గాదు" అన్నాడు డ్యూటీ డాక్టరు జనార్దన్.

చెట్టెక్కే ముందు నాయన నడుముకు కట్టుకునే మోకును బెత్తెడు బెత్తెడు తడిమి చూసేవాడు. ఆమె కూడా అలాగే ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చింది. మిషను బాగుంది. వైరు బాగుంది. నెట్టు వస్తోంది. ఇక మిగిలింది ఫైర్‌వాల్. ఆసుపత్రి నెట్‌వర్కుకు ఆ డబ్బాయే కావలి. తన జాబితాలో ఉన్న చోట్లకే దేన్నైనా పోనిస్తుంది. తెరిచి చూస్తే ఏముంది! కరీంనగర్‌కు పోవాల్సిన ప్రతి బొమ్మనూ అదే ఆపేసింది. జాబితాలో ఆ డాక్టరు కంప్యూటరు చిరునామాయే లేదు.

లేకపోవడమేమిటి? బోనాల నెలలో తనే కదా రాసింది! అప్పుడు తట్టింది. రాసింది గానీ సేవ్ చేయలేదు. సేవ్ చేయకపోయినా కరెంటు ఉన్నన్నాళ్లూ ఆ డబ్బా గుర్తు పెట్టుకుంటుంది, ఆపితే మరిచిపోతుంది. ఆపిందెవరు? నిన్న దసరాకు నాయన గీత కత్తులు కడిగి బొట్టు పెట్టినట్టే, తనే దాని తీగ పీకి, దుమ్ము తుడిచి, కుంకుమ పెట్టి, బంతిపూలు పెట్టి దండం పెట్టుకుంది. ఆ బొట్టు ఇంకా ఎర్రగా కళ్లముందే ఉంది. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే!

అన్నీ తెరిచేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. తెరిస్తే రోగులందరి వివరాలూ బజారుపాలు. వద్దనుకుని, ఆ ఒక్క వరుసే మళ్లీ రాసింది. ఒక అంకె తప్పు పడితే దిద్దింది. సేవ్ రెండుసార్లు కొట్టింది. బొమ్మలు వెళ్లాయి.

ఐదు నిమిషాల్లో కరీంనగర్ నుంచి ఫోను వచ్చింది. తలలో రక్తం గడ్డకడుతోంది, వెంటనే తీసుకురమ్మన్నారు. అప్పటికే నలభై నిమిషాలు పోయాయి.

అంబులెన్సు దగ్గర భూమయ్య భార్య మల్లవ్వ సరిత చెయ్యి పట్టుకుంది. "బొమ్మలు నువ్వే పంపినవంట గద బిడ్డా. నీ కడుపు సల్లగుండ."

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆ దీవెన భరించడం సరిత వల్ల కాలేదు. "అవ్వా, గవి పోకుండ ఆగింది గూడ నాతోనే. నిన్న పూజ చేసేటప్పుడు డబ్బా ఆపిన. గింత ఆలస్యం నా తప్పే" అంది.

మల్లవ్వ తిట్టలేదు. చెయ్యి వదల్లేదు కూడా. "అయితే బండెక్కు. ఆయన కండ్లు తెరిసేదాంక నా పక్కనే ఉండాలె."

సరిత ఎక్కింది. చెప్పులు కంప్యూటర్ల గది బయటే ఉండిపోయిన సంగతి కూడా గుర్తు లేదు. దారి పొడుగునా మల్లవ్వది ఒకటే మాట: "ఊపిరాడుతుందా, సూడు బిడ్డా." ప్రతిసారీ సరిత అతని ముక్కు దగ్గర వేలు పెట్టింది.

"ఆడుతుంది అవ్వా" అంది.