చిన్నమ్మ కుట్టిన రెండు సంచులు

మా చిన్నమ్మ పోయింది. బెల్లంపల్లిలో తన ఇంట్లోనే, ఎవరిదో పెళ్ళి జాకెట్టుకు హుక్కులు కుడుతూ పక్కకు ఒరిగిపోయిందట. గుండెపోటు అన్నారు. నేను కరీంనగర్ నుంచి వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. మూడో రోజు ఆ జాకెట్టు తాలూకు మనిషి గుమ్మంలోకి వచ్చి, "అక్క పోయిందని తెల్సింది గని, నా జాకెట్టు అయిందా చెల్లె?" అని నన్ను అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. ఆ మంటతోనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. చదివేవాళ్ళు మన్నించాలి, మన్నించకపోయినా నేను చేసేదేమీ లేదు.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. చిన్నాయన బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన బతుకంతా భూమి కింద గడిచింది, ఆమెది కుట్టుమిషన్ ముందు. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ ఒంటిమీద ఆమె కుట్టే ఉండేది. మనిషిని చూసి, "చిక్కినవేంది బిడ్డా, భుజం జారింది" అనేది. టేపు తర్వాత తీసేది. "కుట్టు తప్పితే ఇప్పుకోవచ్చు. కత్తెర తప్పితే ఏడ్వాల్సిందే" అనేది మాకు పని నేర్పుతూ.

కొన్నేళ్ళ కింద వాళ్ళ కూతురూ అల్లుడూ సముద్రం ఒడ్డు వెంట కాలినడకన పోదామనుకున్నారు. కర్ణాటక వైపు గుట్టలు ఎక్కుతూ, రాళ్ళ మీదుగా, నాలుగు రోజులు నడిచి గోకర్ణం చేరాలి. వాళ్ళకు సెలవు దొరకలేదు. ఫోన్లో ఆ దారి చూసిన చిన్నమ్మ, "మీరు పోకుంటే మేం పోతం" అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. లారీ టార్పాలిన్ ముక్కలు తెచ్చి, వీపుకు తగిలించుకునే సంచులు రెండు కుట్టింది. భుజాలు కోసుకుపోకుండా పట్టీల లోపల జాకెట్టు ముక్కలు కూరింది. చుట్టాలు అడ్డం పడతారని తెలుసు కాబట్టి, "గోకర్ణం తీర్థం పోతున్నం" అని చెప్పింది. తీర్థం అనగానే అందరి నోళ్ళూ మూతపడ్డాయి. తమ పేరు మీద అర్చన చేయించమని గోత్రాలు కూడా చెప్పారు.

రెండు రోజులు బాగానే నడిచారు. చిన్నాయన ఆకాశం చూస్తూ నడిచి రెండుసార్లు బోర్లా పడ్డాడట. "బాయిల ముప్పై ఏండ్లు పడని మనిషి ఎల్తుర్ల పడ్డడు" అని ఆమె చెప్పి చెప్పి నవ్వేది. మూడో రోజు మధ్యాహ్నం అన్నం తిని, నీళ్ళ పక్కన చల్లటి ఇసుక చూసి కునుకు తీశారు. ఎండాకాలం గోదావరి ఇసుకలో పుచ్చపాదులకు కాపలా పడుకుని పెరిగినవాళ్ళు కదా, వాళ్ళకు అది మామూలే. లేచేసరికి నీళ్ళు నడుముదాకా వచ్చాయి. చిన్నాయన సంచి, ఇద్దరి చెప్పులు సముద్రంలో కలిశాయి.

"వాన పడకుండ నీళ్ళు ఎట్ల పెరుగుతయి బిడ్డా? గోదారి గట్ల జేస్తదా ఎన్నడన్న?" అని ఆమె నన్ను నిజంగానే అడిగింది.

ఉత్త కాళ్ళతో ఆ నల్లరాళ్ళ మీద నడవలేక బస్సెక్కి తిరిగొచ్చారు. ఒక్క గుట్ట మిగిలిపోయింది. దాని మీద నిలబడితే రెండు వైపులా సముద్రం కనిపిస్తుందని అక్కడి చేపలామె చెప్పిందట. "గా గుట్ట ఎక్కాలె. అవుతల ఏమున్నదో సూడాలె" అని చిన్నమ్మకు ఒకటే పట్టుదల. రాగానే చిన్నాయనకు ఇంకో సంచి కుట్టింది. మంచిర్యాల వెళ్ళి ఇద్దరికీ బూట్లు కొనుక్కొచ్చింది. సంచులు తలుపు పక్క మేకుకు వేలాడాయి.

ఇక మా వాళ్ళ సంగతి. కూతురు వాట్సాప్‌లో పెట్టిన ఫొటో చూశారు. చిన్నమ్మ ప్యాంటు వేసుకుని, వీపున సంచితో, నెత్తిన టోపీతో ఉంది. చిన్నాయన వాళ్ళ అక్క నలుగురిలో అంది: "గీ వయసుల గిదేం యేషం? తీర్థమని జెప్పి తిరుగుడు!" దొరసాని అని పేరు కూడా పెట్టారు. "మంచిదే గదా వదినా, దొరసానికి జర నీళ్ళు తోడియ్యు" అని చిన్నమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత ప్రతి చలికాలమూ పోదామనుకోవడం, ఎవరో ఒకరు ఆపడం. కూతురి కాన్పు. ఆడబిడ్డ మోకాళ్ళ ఆపరేషన్. దుబాయ్ నుంచి మరిది రాక. "ఎటు పోతది సముద్రం, ఆడనే ఉంటది" అనేవాళ్ళు. సముద్రం ఎటూ పోలేదు. నాకు చిన్నమ్మ మీద కూడా కోపమే. అందరి పెళ్ళిళ్ళూ తన నెత్తినే ఉన్నట్టు, "గీ జాకెట్లు అయినంక పోదాం" అనేది. కత్తెర తప్పితే ఏడ్వాల్సిందే అన్న మనిషికి తన రోజుల మీద కత్తెర పడుతుంటే కనిపించలేదా?

పదో రోజు ఆమె బట్టలు, పక్కబట్టలు గోదావరిలో వదలడానికి మూటగట్టారు. ఆ మూట మీద చిన్నమ్మ సంచి పెట్టింది ఆడబిడ్డ. చిన్నాయన లేచాడు.

"అది ముట్టకక్కా. దాన్ని తీస్కొని నేను పోత. గుట్ట ఎక్కి వస్త."

"ఏడాది తిరగకముందే తీర్థం పోతవా తమ్మీ? సూతకంల ఎవలన్న పోతరా?"

"తీర్థం గాదక్కా. గుడి మొకం సూడ. సముద్రం కాడికి పోత."

"గోకర్ణం తీర్థమని మీ నోటితోనే జెప్పిండ్రు గదా! ఇప్పుడు గాదంటవా?"

చుట్టాల నోరు మూయించడానికి చిన్నమ్మ ఆడిన చిన్న అబద్ధం ఇప్పుడు చిన్నాయన కాళ్ళకు చుట్టుకుంది. ఆయన మెల్లగా కూర్చోబోయాడు. అది చూసి నాకు ఆగలేదు.

"బతికినన్ని రోజులు ఆమెను పోనియ్యకపోతిరి! సచ్చినంక సంచిని గూడ గోదాట్ల పారేస్తరా? పాపం తగిలితే నాకు తగలనియ్యి అత్తా! చిన్నాయనా, లే!"

పెద్దవాళ్ళ ముందు అలా అరిచినందుకు నేను ఇవాళ్టికీ చింతించడం లేదు. చిన్నాయన మూట దగ్గరికి వెళ్ళి సంచి తీసుకున్నాడు. మేకుకున్న తన సంచి కూడా తీశాడు. ఆ ఆడబిడ్డ నాతో మాట్లాడటం మానేసింది. మానేయనీ.

మొన్న మంచిర్యాల స్టేషన్‌లో నేనే రైలెక్కించాను. తన సంచి వీపున వేసుకున్నాడు. పట్టీలు భుజాల మీద సరిగ్గా కూర్చున్నాయి. ఆమె సంచిని నా చేతికివ్వమంటే ఇవ్వలేదు, ముందు వైపు, ఛాతీ మీద తగిలించుకున్నాడు.

"ఒకటి ఇంట్ల పెట్టి పోరాదు చిన్నాయనా, బరువైతది" అన్నాను.

"ఆమె ఎక్కాలె గదా బిడ్డా" అన్నాడు.

రైలుపెట్టె తలుపు ఇరుకు. రెండు సంచులతో ఎదురుగా పట్టక, పక్కకు తిరిగి, ముందున్న సంచిని అరచేత్తో అదిమి పట్టుకుని ఎక్కాడు. దాని మూతి లోంచి చిన్నమ్మ బూట్లు బయటికి కనిపిస్తున్నాయి. వాటి అడుగులకు ఇంకా మట్టి అంటలేదు.