పెద్దక్క చాప

పెద్దక్క పోయిందని ఆమె తమ్ముడు షెడ్డు గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఒక్కో కుట్టుమిషనూ ఆగిపోయింది. ఇళ్లకు వెళ్లమన్నాడు. చాలాసేపు ఎవరమూ లేవలేదు.

నాచారంలో ఒక రేకుల షెడ్డులో బడిపిల్లల యూనిఫారాలు కుట్టించేది ఆమె. యజమానురాలే అయినా అందరికీ పెద్దక్క. పెళ్లై జనగామ వైపు నుంచి ఉప్పల్ వచ్చిన కొత్తలో మా ఆయన నన్ను అక్కడ పనికి చేర్చాడు. అప్పట్లో ఎవరైనా పేరు అడిగినా తల వంచుకునేదాన్ని.

ఒకరోజు అంగీలకు జేబులు ఎక్కడ కుట్టాలో పెద్దక్కే సుద్దతో గీసి ఇచ్చింది. ఎడమవైపు ఉండాల్సిన గుర్తులన్నీ కుడివైపు ఉన్నాయి. అందరూ అలాగే కుట్టుకుంటూ పోతున్నారు. నాకు నోరు రాలేదు. ఆమె పక్కనుంచి వెళ్తుంటే కొంగు పట్టి లాగి, అంగీ చూపించాను.

ఆమె చూసి నవ్వేసింది. "మిషన్లు బంద్ జేయుండ్రి. నేనే ఆగం జేసిన. ఈ పిల్ల నోరు ఇప్పకుండనే నన్ను దొరకవట్టింది."

"ఎడమచేతి పిల్లల బడి ఏడనన్న ఉంటే అమ్ముదాం గదా అక్కా" అంది నా పక్క మిషన్ మీద కుట్టే ఆమె. ఆమెను నేను వదినా అని పిలిచేదాన్ని.

"ఉంటే నిన్నే పంపిస్త. ముందుగాల సాపెయ్యి."

అది ఆ షెడ్డు పద్ధతి. కుట్టు తప్పితే మిషన్లు ఆపి, చాప పరిచి, అందరం కూర్చుని విప్పేవాళ్లం. వెలుతురు వచ్చే వైపు చూపు ఆననివాళ్లకు వదిలి, పెద్దక్క గోడవారగా కూర్చునేది. "ఎవరియని అడగకుండ్రి. ఎన్నున్నయో చెప్పుండ్రి" అనేది. బ్లేడుతో కుట్లు తెంపుతూ పిల్లల జ్వరాల గురించి, రాని నీళ్ల ట్యాంకర్ గురించి మాట్లాడుకునేవాళ్లం. నాకు మాట వచ్చింది ఆ చాప మీదే.

"అరిస్తే తప్పు ఆగదు. దాసిపెట్టుడు మొదలైతది" అని కూడా అనేది.

ఆమె మంచాన పడ్డాక పని తమ్ముడు చూసుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఆర్డర్లు చేయి దాటిపోతాయని ఆయన భయం. "పాడు జేసినోళ్లే ఇప్పాలె. అందరు కూసుంటే పనెట్ల నడుస్తది?" అన్నాడు. ఏ అంగీల కట్ట ఎవరు కుట్టిందో తెలిసేలా తలా ఒక రంగు గుడ్డ కట్టించాడు. చాప చుట్టి తలుపు వెనక పెట్టాడు.

వదినా నేనూ దవాఖానాకు చూడటానికి వెళ్లాం. పెద్దక్క ఆయాసపడుతూనే అడిగింది. "సాప ఏస్తున్నరా?"

"ఏస్తున్నం అక్కా. నిన్న గూడ కూసున్నం" అంది వదిన.

పెద్దక్క నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను. ఆమె మెల్లగా గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత తెలిసింది ఆమె పోయిందన్న మాటే.

దినాలు అయ్యాక షెడ్డు తెరిచారు. ఆ రోజే వదిన కట్టలో కాలర్లు తిరగబడ్డాయి. నేను వెళ్లి చాప తెచ్చి పరిచాను.

"రా వదినా, ఇద్దరం ఇప్పుదాం."

"మెల్లగ మాట్లాడు." ఎర్ర గుడ్డ కట్టిన కట్టను ఆమె ఒళ్లోకి లాక్కుంది. "ఇవి నాయని అందరికి తెలుస్తది. నీ పని నువ్వు సూస్కో."

కాసేపు ఒక్కదాన్నే కూర్చున్నాను. మిగతావాళ్లు మిషన్ల మీంచి తల ఎత్తలేదు. వదిన నాకు వీపు పెట్టి కుట్లు విప్పుకుంది. విప్పడానికి పొద్దు చాలని అంగీలను అలాగే మడిచి కట్ట అడుగున పెట్టేసింది.

ఆ కట్టలకు దుమ్ము అంటకుండా ఇప్పుడు చాపను కింద వేస్తున్నారు. రంగురంగుల గుడ్డలతో అవి దాని మీద పేర్చి ఉంటాయి. గోడవార పెద్దక్క కూర్చున్న చోట వెలిసిపోయిన అంచు మాత్రం బయటికి కనిపిస్తుంది.