నీలం తొడుగు కింది కారు

పద్నాలుగేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. తాగినప్పుడు కూడా నోరు జారలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

కిరందుల్ గనుల కాలనీలో ఆదివారాలు రిమోట్ కార్ల పందేలుండేవి. పిల్లల బొమ్మలు కావు. మూరెడు పొడుగు, వదిలితే కుక్కకి కూడా అందవు. నాకా పిచ్చి ఎక్కించింది సింహాచలం అన్న. రైల్వేలో ఫిట్టరు, బొబ్బిలి వైపు మనిషి. వదిన పోయాక ఆయనకి ఆదివారమంటే ఆ మైదానమే. ఇద్దరం ఒకే రకం కార్లు కట్టుకున్నాం. పైన తొడుగు రంగే తేడా, ఆయనది పసుపు, నాది నీలం. బ్యాటరీని కిందికీ మధ్యకీ దించి, స్ప్రింగులు మెత్తన చేసి, మలుపులో కారు నేలని ఎలా పట్టుకోవాలో ఆయనే నేర్పాడు. బరువు తగ్గించడం ఎవడైనా చేస్తాడు, ఉన్న బరువుని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియాలి అనేవాడు. నేను వింటేగా. ఆయన మీద ఒక్కసారైనా గెలవాలి, అదీ నా కుళ్ళు.

కారు కిలోన్నరకి తగ్గకూడదని రూలు. నేను అడుగు రేకంతా తొలిచి బరువు తగ్గించేశాను. తూకంలో సరిపోవడానికి ఓ చిన్న గొట్టంలో ఫైన్స్ నింపాను, అంటే మా గనిలో పిండిలా రాలే ఇనుపరాయి పొడి. గొట్టం కింద చిల్లు, చిల్లుకి టేపు. తూకం అయ్యాక టేపు పీకేస్తే పరుగులో పొడంతా రాలిపోతుంది. మైదానం నిండా ఆ పొడే, ఇంకాస్త రాలితే ఎవడికి కనబడుతుంది? ఎంత తెలివో చూశారా. థూ.

గెలిచాను. అన్న రెండోవాడు. అప్పుడు క్లబ్బు పెద్ద, రిటైరైన ఫోర్‌మన్, ఎప్పుడూ లేనిది ఆ రెండు కార్లనీ మళ్ళీ తూచాలన్నాడు. అన్నకి మోకాళ్ళ నొప్పులు. రెండూ నన్నే తెచ్చెయ్యమన్నాడు. మైదానం అవతలి మూల వంగి, పిన్నులు లాగి, తొడుగులు మార్చేశాను. ఆలోచించే టైమెక్కడిది అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. పసుపు తొడుగు నా కారు మీద సరిగ్గా కూర్చుందో లేదో సర్ది మరీ చూశాను.

పసుపు కారు తూకానికి తగ్గింది. అన్న దాన్ని తిరగేశాడు. చిల్లు చూశాడు. అంచున అంటిన పొడిని వేలితో తీశాడు. తన చేతిపని తనకి తెలీదా? నా వైపు చూశాడు.

"తమ్ముడూ, నువ్వేటైనా చెప్తావేటి?"

"నాకేం తెలుసన్నా."

తలూపాడు. అంతే. ఇంక రావద్దని ఫోర్‌మన్ హిందీలో అందరి ముందూ చెప్తే, కారు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆదివారాలు క్వార్టర్ గుమ్మంలో ఒక్కడే కూర్చునేవాడు. నేను వేరే దారిన తిరిగి పోయేవాణ్ణి. ఆయన రిటైరై ఊరెళ్ళిపోయిన రోజు స్టేషనుకి కూడా వెళ్ళలేదు.

ఎందుకు బయటపెట్టలేదు? నా మీద అసహ్యంతోనా? లేక నేనే చెప్తానని ఎదురుచూశాడా? మొదటిదైతే ఎలాగో భరిస్తాను. రెండోదైతే, ఆయన ఆ గుమ్మంలో కూర్చున్న ఆదివారాలన్నీ నా కోసమే కదా.

ఆ రోజు గెలిచిన కప్పు పక్కన నీలం తొడుగు కారు ఇంకా మా అలమారాలో ఉంది. వచ్చినవాళ్ళు ఓసారి నడిపించమంటారు. బ్యాటరీ పోయిందంటాను. పోలేదు. నా రిమోటుకి అది కదలదు, ఎందుకంటే అది ఆయన కారు. నా చిల్లు కారు బొబ్బిలిలో ఆయన దగ్గరే ఉండుంటుంది, ఇన్నేళ్ళూ ఎవరికీ చూపించినట్టు లేడు.

ఆ రోజు మోసం చేసింది సింహాచలం అన్న కాదు. నేను. ఈ మాట రాయడానికి పద్నాలుగేళ్లు పట్టింది. ఆయనతో అనడానికి ఇప్పటికీ ధైర్యం లేదు. అయినా రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.