తెల్లగా వచ్చిన ఫొటో

2022 ఆగస్టు. విశాఖపట్నం ఆటోనగర్‌లో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. పైన రేకులు, రేకుల మీద మూడు రోజులుగా వదలని వాన. ఆ వారం అక్కడ తయారైన వస్తువు ఒక లిఫ్టింగ్ బీమ్. అంటే క్రేన్ కొక్కేనికి తగిలించే ఇనప దూలం. దాని రెండు చివరలా బరువు వేలాడదీసి ఓడలోంచి పైకి ఎత్తుతారు. దూలానికి వెల్డింగ్ చేసిన మందపాటి ఇనప చెవులు ఉంటాయి, వాటిని లగ్‌లు అంటాం. ఎత్తిన బరువంతా ఆ చెవుల మీదే పడుతుంది.

నా పని వెల్డింగుల్లో లోపాలు వెతకడం. వస్తువును కొయ్యకుండా, విరగ్గొట్టకుండా పరీక్షిస్తాం కాబట్టి దీన్ని ఎన్‌డీటీ అంటారు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చాడు, నేను ఈ పనిలో తేలాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నన్ను చూసి సంతోషించిన వెల్డర్ ఒక్కడూ లేడు. పెళ్ళిచూపులకు వచ్చి పిల్లకు మెల్లకన్ను అని చెప్పే రకం అని ఒకాయన నా మొహం మీదే అన్నాడు. ఆయన వెల్డింగులో ఆ రోజు నేను చూపించిన మెల్లకన్ను నిజంగానే ఉంది లెండి.

లగ్‌లకు మేము చేసేది డీపీ టెస్ట్, అంటే డై పెనట్రెంట్. చాలా తేలికైన పరీక్ష. వెల్డింగును శుభ్రంగా తుడిచి ఎర్రరంగు ద్రవం స్ప్రే చేస్తాం. ఎక్కడైనా సన్నటి పగులు ఉంటే అది లోపలికి దిగుతుంది. పది నిమిషాలాగి పైన ఉన్న ఎరుపంతా గుడ్డతో తుడిచేసి, డెవలపర్ అనే తెల్లపొడి పల్చగా కొడతాం. పగులులో దాక్కున్న ఎరుపును ఆ పొడి బయటికి లాగుతుంది. తెల్లటి పూత మీద ఎర్రగీత తేలితే వెల్డింగ్ పోయినట్టే. గీత లేకపోతే నేను సంతకం పెడతాను.

కరోనా రోజుల్లో మాకు ఒక అలవాటు అంటుకుంది. ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేని కాలం కాబట్టి షెడ్డువాళ్ళే స్ప్రే కొట్టి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవారు. మేము ఇంట్లో కూర్చుని చూసి రిపోర్ట్ రాసేవాళ్ళం. కరోనా పోయింది, అలవాటు ఉండిపోయింది. పెట్రోలు మిగిలేది, వానలో తడిసే పని తప్పేది. తప్పని తెలియక చేశానని చెప్పను. అందరూ చేస్తున్నారని చేశాను.

ఆ షెడ్డులో వెల్డర్ అప్పలనాయుడు. విజయనగరం వైపు రైతు కుటుంబం, పదిహేనేళ్ళుగా ఇక్కడే వెల్డింగు. నాకంటే వయసులో చిన్నవాడు, అయినా నన్ను బావా అనే పిలుస్తాడు. చేతిపని మంచిది, నోరు ఇంకా మంచిది. వాళ్ళ తమ్ముడు ఈశ్వరరావు హార్బర్‌లో రిగ్గర్. అంటే క్రేన్ ఎత్తే బరువులకు తాళ్ళు కట్టి, అవి గాలిలో ఊగకుండా దగ్గరుండి దిద్దే మనిషి. ఈ బీమ్ చేయించుకుంటున్నది ఆ తమ్ముడు పనిచేసే కాంట్రాక్టరే. షెడ్డు దాటిన మర్నాడు పొద్దున్న ఓడ దగ్గర దీన్ని క్రేన్‌కు తగిలించినప్పుడు కింద తాడు పట్టుకునేది ఈశ్వరరావే.

బీమ్ బయల్దేరాల్సిన రోజు మధ్యాహ్నం నేను దువ్వాడలో వేరే సైటు మీద ఉన్నాను. షెడ్డు యజమాని సత్తిబాబు గారు నాలుగు లగ్‌ల ఫొటోలు పంపారు. ఆయన కొత్తగా ఖరీదైన ఫోన్ కొన్నారు. "చీకట్లో కూడా పగల్లాగ తీస్తుందండి మాస్టారూ" అని అంతకుముందే రెండుసార్లు చెప్పారు. ఆ మాట నిజమే. ఫొటోలు అద్దంలా ఉన్నాయి. నాలుగు లగ్‌లూ మల్లెపువ్వులా తెల్లగా మెరుస్తున్నాయి, ఎక్కడా ఎరుపు చుక్క లేదు. పెద్దది చేసి అటూ ఇటూ జరిపి చూశాను. రిపోర్ట్ రాసి, సంతకం పెట్టి, కాంట్రాక్టరుకు మెయిల్ చేసేశాను.

పావుగంటకు అప్పలనాయుడు ఫోన్ చేశాడు.

"బావా, మూడో లగ్గు సూసినావా?"

"చూశాను. బాగుంది. రిపోర్ట్ కూడా పంపేశాను."

"బాగుందేటి బావా! కింద మూల మీద లేత గులాబి గీత అగుపడతంది. గోరంత ఉంది."

నేను మళ్ళీ ఫొటో తెరిచాను. తెలుపు తప్ప ఇంకేమీ లేదు. "సరిగ్గా తుడవకపోతే అలాంటి మరక ఉంటుంది నాయుడూ. ఫొటోలో ఏమీ లేదు" అన్నాను.

"ఫొటో సంగతి నాకెందుకు? నాను కంటితో సూత్తన్నాను."

వెల్డరు తన వెల్డింగ్ బాగాలేదని చెప్పడం, ఇన్‌స్పెక్టరు కాదు బాగుందని వాదించడం. నా సర్వీసులో ఇలాంటి సంభాషణ అదే మొదటిది. నాకు నవ్వొచ్చింది, కాస్త చిరాకు కూడా వచ్చింది. వెనక నుంచి సత్తిబాబు గారి గొంతు వినిపిస్తోంది. ట్రైలర్ వచ్చి నిలబడిందట. "మాస్టారు సంతకం పెట్టాక నీ గోలేంటయ్యా, లెగు" అంటున్నారు. అప్పలనాయుడు బీమ్ మీద ఎక్కి కూర్చున్నాడని అప్పుడు తెలిసింది.

"లెగను. నానుండగా ఇది గేటు దాటదు" అని ఆయనతో అని, మళ్ళీ నాతో అన్నాడు. "బావా, నా సేత్తో ఏసిన వెల్డింగు. నాకు మచ్చ రావాలని నాను కోరుకుంతానా? రేపు దీని కింద మా తమ్ముడుంతాడు. నువ్వొచ్చి సూసి బాగుందను, దిగిపోతాను."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్ళను చాలామందిని చూశాను. ఎవరూ అడక్కుండా నేనే దొంగనని చెప్పేవాణ్ణి చూడలేదు. వానలోనే బండి తీశాను.

షెడ్డుకు చేరేసరికి నడుము దాకా తడిశాను. అప్పలనాయుడు బీమ్ మీదే ఉన్నాడు. ట్రైలర్ డ్రైవరు టైరు మీద కాలు పెట్టి బీడీ కాలుస్తున్నాడు. సత్తిబాబు గారు నన్ను చూసి, "రండి మాస్టారూ, మీరే చెప్పండి ఈ మొండివాడికి" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. సంతకం ఉంది, ఫొటో ఉంది, బండి ఉంది. ఇంక ఏం కావాలనేది ఆయన ప్రశ్న. ఆయన చోట ఉంటే నేనూ అదే అడుగుతాను.

మూడో లగ్ దగ్గర కూర్చుని టార్చి వేశాను. ఉంది. వెల్డింగ్ అంచున, చెవి దూలాన్ని కలిసేచోట, లేత గులాబి రంగులో గోరంత గీత. తుడుపు మరకైతే ఇంతింత పరచుకుని ఉంటుంది. ఇది సన్నగా, ఒక దారి పట్టుకుని పోయింది. సన్నటి లోతైన పగుళ్ళు ఇలాగే సిగ్గుపడుతూ బయటికొస్తాయి.

"ఫొటో తీసింది ఈ లగ్గేనా?" అని అడిగాను.

"ఇదేనండి బాబూ. మీ ముందే తీస్తాను, చూడండి" అన్నారు సత్తిబాబు గారు.

ఆయన ఫోన్ ఎత్తి పట్టుకున్నారు. ముగ్గురం తెర మీదికి వంగాం. బటన్ నొక్కకముందు తెర మీద గులాబి గీత కనిపిస్తూనే ఉంది, వేలు పెట్టి చూపించాను. ఆయన బటన్ నొక్కారు. తెర మూల చిన్న చక్రం ఒక్క క్షణం తిరిగింది. ఫొటో మెరుగుపడింది. మసక పోయింది, నీడలు పోయాయి, లగ్ తెల్లగా వెలిగింది, గీత పోయింది.

"అమ్మనీ! మా కళ్ళముందే తుడిసేసింది" అన్నాడు అప్పలనాయుడు.

ఇంకోసారి తీశాం. మళ్ళీ అంతే. మూడోసారి తీస్తున్నప్పుడు తెర కింద చిన్న గుర్తు ఒకటి వెలగడం గమనించాను. కాగితం బొమ్మ. ఈ ఫోన్లు ఎదురుగా ఏముందో తామే ఊహించుకుంటాయి. అన్నమైతే రంగు పెంచుతాయి, మొహమైతే నున్నగా చేస్తాయి, కాగితమైతే మరకలు తీసేసి తెల్లగా చేస్తాయి. దీనికి ఎదురుగా తెల్లటి పూత కనిపించింది. బిల్లో, సర్టిఫికెట్టో అనుకుంది. కాగితం మీద గులాబి మరక ఎవరికి కావాలి? శుభ్రం చేసి ఇచ్చింది. దానికి చెప్పినవాళ్ళు లేరు, అడ్డుకున్నవాళ్ళూ లేరు.

అప్పలనాయుడు తన పాత ఫోన్ తీశాడు. అద్దం పగిలి, సాలెగూడు అల్లినట్టుంది. దానితో తీస్తే ఫొటో మసకగా, వంకరగా, సగం చీకటిగా వచ్చింది. గీత మాత్రం ఉంది.

గ్రైండింగ్ మిషన్ తెప్పించి ఆ మూల అరగదీయించాను. ఉపరితలం పోయిన కొద్దీ పగులు తగ్గుతుందని ఆశపడ్డాను. తగ్గలేదు, వెడల్పయింది. గోరంత గీత లోపల బొటనవేలంత పొడుగు, వేలి కణుపులో సగం లోతు. నాలుగైదుసార్లు బరువు ఎత్తాక తెగేదో, మొదటిసారే తెగేదో నేను చెప్పలేను. తెగకుండా ఉండేదని మాత్రం చెప్పను. సత్తిబాబు గారు ట్రైలర్ డ్రైవరు దగ్గరికి వెళ్ళి బండి పంపేశారు.

"నీకెలా అనుమానం వచ్చింది నాయుడూ? అంత లేత గీతను మామూలుగా ఎవరూ పట్టించుకోరు" అని అడిగాను.

అతను చేతులు తుడుచుకున్నాడు. "ఆ లగ్గు ఏసిన రోజు జోరువాన బావా. ఇనుము సల్లగా మంచులాగుంది. ప్రీహీటు సగమే సేసినాను. గ్యాసు అయిపోతే సిలిండర్ తెచ్చీదాకా ఆగనేదు." మందపాటి ఇనుమును వెల్డింగ్‌కు ముందు వేడిచేయడమే ప్రీహీట్. చేయకపోతే వెల్డింగ్ ఒక్కసారిగా చల్లారి పగులుతుంది. "నా తప్పు నాకు తెలుసు. అందుకే ఆ మూలే సూసినాను. నువ్వు బాగుందన్నావు. ఒక్క చనం, బాగుందంతే పోనీ అనిపించింది బావా. అబద్దమెందుకు?"

ఇద్దరం తప్పు చేశాం. అతను తన తప్పు మీద ఎక్కి కూర్చున్నాడు. నేను నా తప్పు మెయిల్ చేశాను. కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, రిపోర్ట్ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పడం ఇరవై ఆరేళ్ళలో అదే మొదలు. అటువైపు మనిషి "చూడకుండా సంతకం పెట్టారా?" అని అడిగాడు. చూశానండి, ఫొటో చూశాను అన్నాను. ఆ మాట అంటుంటే తల తీసేసినట్టయింది.

తర్వాత దీని గురించి చాలా ఆలోచించాను. నేను పనిలో చేరిన కొత్తలో వెల్డింగులకు తీసిన ఎక్స్‌రే ఫిల్ములు మేమే చీకటిగదిలో కడిగేవాళ్ళం. వాటిలో మాత్రం మా చెయ్యి పడలేదా? రసాయనంలో ఒక నిమిషం ఎక్కువ ఉంచితే నల్లబడేది, తక్కువ ఉంచితే లోపం దాక్కునేది. ఉన్నదున్నట్టు చూపే ఫొటో ఏ కాలంలోనూ లేదు. కానీ అప్పుడు ఫిల్ము పాడైతే ఎవరు కడిగారో అడగగలిగేవాళ్ళం, అతను తలదించుకునేవాడు. ఈ ఫోనును ఏమని అడుగుతాం? అది మంచిపనే చేశాననుకుంటుంది. నా మనవరాలి ఫొటోలు అదే రకం ఫోన్‌లో నున్నగా, ముద్దుగా వస్తాయి. దోమకాటు మచ్చ పోయిందని ఎవరూ ఫిర్యాదు చేయరు, నేనూ చేయను. లోపం చూడటానికే తీసే ఫొటోలో లోపాన్ని దిద్దడమే నాకొచ్చిన ఇబ్బంది.

ఆ రోజు తర్వాత నేను ఫొటో చూసి సంతకం పెట్టలేదు. రిపోర్టుకు ఫొటో జతచేయాల్సి వస్తే, దిద్దుబాట్లు అన్నీ ఆపేసి, పక్కన ఎర్ర స్కెచ్ పెన్నుతో సన్నటి గీత గీసిన తెల్ల స్టిక్కరు అంటించి తీస్తాను. ఫొటోలో ఆ గీత కనబడకపోతే దాన్ని పారేస్తాను. తోటివాళ్ళు కొందరు చాదస్తం అన్నారు, కొందరు స్టిక్కర్లు అడిగి తీసుకెళ్ళారు.

మూడో లగ్‌ను పూర్తిగా కోసేసి, ఈసారి సరిగ్గా వేడిచేసి, అప్పలనాయుడే మళ్ళీ వెల్డింగ్ చేశాడు. రెండు రోజులాగి, బీమ్ మోయాల్సిన దానికంటే ఎక్కువ బరువు ఎత్తించి, నేనే దగ్గర కూర్చుని డీపీ టెస్ట్ చేశాను. గీత లేదు. టార్చి వేసి, వేలితో తడిమి, అప్పలనాయుడిని పిలిచి చూడమన్నాను. "ఇప్పుడు ఎత్తుకెల్లమను" అన్నాడు. బీమ్ హార్బర్‌కు వెళ్ళింది. ఈశ్వరరావు ఇప్పటికీ దాని కిందే పనిచేస్తున్నాడు.

బీమ్ గేటు దాటే ముందు సత్తిబాబు గారు అలవాటు కొద్దీ తన ఫోన్‌తో ఆ లగ్‌ను ఒక ఫొటో తీసి నాకు పంపారు. దాన్నీ, మొదట పంపినదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి పగిలిన లగ్, ఒకటి మంచి లగ్. రెండూ ఒకే తెలుపు, ఒకే మెరుపు. మొన్న ఫోన్ మార్చినప్పుడు వాటి తేదీలు పోయాయి. ఇప్పుడు ఏది ఏదో నేను చెప్పలేను.