నేను తుడిచేసిన ఫైళ్ళు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. మాది బయ్యారం దగ్గరి తండా. ఇంట్లో మా లంబాడీ భాషే మాట్లాడుకుంటాం. తెలుగు నేను బడిలో నేర్చుకున్నాను. హైదరాబాదులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి అప్పటికి ఏడాది దాటింది. దవాఖానలో రోగుల వివరాలు నమోదు చేసే ప్రోగ్రామ్ తయారుచేసేవాళ్ళం.

అందులో సగం ఫైళ్ళు మేము రాసేవి కావు. మేమొక మూస రాసి పెడితే, కోడ్ అంతా కలిపి ప్రోగ్రామ్‌గా కూర్చే బిల్డ్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని చూసి వందల ఫైళ్ళు రాసుకునేది. మూస తీసేసినా దాని పాత ఫైళ్ళు అక్కడే పడి ఉండేవి. వాటివల్ల ఒకరి దగ్గర నడిచిన ప్రోగ్రామ్ ఇంకొకరి దగ్గర ఆగిపోయేది. ఎవరూ ముట్టుకోని ఆ చెత్త ఊడ్చే పని కోస్తా నుంచి వచ్చిన మా టీమ్ లీడ్ నాకు అంటగట్టాడు.

బిల్డ్‌కు ముందు ఆ ఫైళ్ళన్నీ తుడిచేసి, మళ్ళీ కొత్తగా రాయించే స్క్రిప్ట్ రాశాను. పెట్టేముందు అందరికీ మెయిల్ చేశాను, ఆ ఫోల్డర్‌లో ఎవరైనా చేత్తో మార్పులు చేసి ఉంటే చెప్పమని. లీడ్ వెంటనే జవాబిచ్చాడు: "ఏమీ లేవు, తీసెయ్." శుక్రవారం స్క్రిప్ట్ పెట్టి ఊరికి పోయాను.

సోమవారం మా ఊరికి దగ్గరి మానుకోటలో రైలెక్కి తిరిగి వస్తుంటే అది జనగామలో ఆగిపోయింది. తెలంగాణ కావాలని పట్టాల మీద జనం కూర్చుని ఉన్నారు. అప్పుడే లీడ్ ఫోన్ చేశాడు.

"ఏం చేశావు నువ్వు? రోగుల పుట్టిన తేదీలన్నీ తారుమారయ్యాయి. నేను సరిచేసిన ఫైలు ఎగిరిపోయింది!"

"సర్, చేత్తో రాసినవి లేవని మీరే అన్నరు గదా."

"ముందు తెలుగు సరిగ్గా మాట్లాడటం నేర్చుకో. మీవాళ్ళకి చెడగొట్టడం తప్ప ఇంకేం వచ్చు? రైళ్ళు ఆపుతారు, బస్సులు ఆపుతారు, ఇప్పుడు నా ఫైళ్ళ మీద పడ్డారు."

నేను నోరు తెరిచేలోపే పెట్టేశాడు. బ్యాగు భుజాన వేసుకుని రైలు దిగి, స్టేషన్ బయటి ఇంటర్నెట్ సెంటర్‌లోకి పోయాను. నా మెయిలూ, అతని జవాబూ అట్లాగే ఉన్నాయి. వెంటనే మా ప్రోగ్రామ్‌ను పరీక్షించే టెస్టర్ అక్కకు ఫోన్ చేశాను. ఆమెది భూపాలపల్లి, హాస్టల్లో మాదొకటే గది.

"అక్కా, నీ కంప్యూటర్ల పాత ఫోల్డర్ ఉన్నదా?"

"ఉన్నది, నేనింకా కొత్త కోడ్ తీసుకోలే. ఏమైంది, గొంతు గట్లున్నదేంది?"

చెప్పాను. "తప్పు ఆయన చేసి నిన్ను తిట్టుడేంది!" అని మండిపడి, ఆ ఫైలు అప్పటికప్పుడు పంపింది. పై వరుసలోనే ఉంది, ఇది కంప్యూటర్ రాసిన ఫైలు, చేత్తో మార్చవద్దు అని. దాని కింద లీడ్ తన పేరు పెట్టుకుని మరీ రాసిన నాలుగు వరుసలు. నిజానికి అవి మూసలో రాయాల్సినవి. అరగంటలో మూసలోకి ఎక్కించి, సరిచేసిన కోడ్ పంపించాను. అతని జవాబును కింద జతచేసి, జరిగిందంతా అందరికీ మెయిల్ కొట్టాను.

మర్నాడు మీటింగ్‌లో లీడ్ "సమస్య తీరిపోయింది" అని వేరే సంగతికి పోబోయాడు. నేను లేచి నిలబడ్డాను.

"సమస్య ఎవరి వల్ల వచ్చిందో గది కూడ చెప్పున్రి సర్."

"చిన్న విషయాన్ని పెద్దది చేస్తున్నావు."

"చిన్నదైతే ఫోన్ల మావాళ్ళందరినీ ఎందుకు తిట్టిన్రు?"

మేనేజర్ తర్వాత చూద్దామన్నాడు. ఆ 'తర్వాత' అనేది ఎన్నడూ రాలేదు. స్క్రిప్ట్ మాత్రం ప్రతి బిల్డ్‌లోనూ నడుస్తూనే ఉంది. లీడ్ సారీ అన్న పాపాన పోలేదు. పైగా ఏడాది చివర నా పనితీరు కాగితం మీద "మాట్లాడే పద్ధతి మెరుగుపడాలి" అని రాశాడు.

నేను దాని మీద సంతకం పెట్టలేదు. ఎందుకని ఆఫీసులో కాగితాలు చూసే మేడం అడిగింది.

"నేను మంచిగనే మాట్లాడిన మేడం, అందుకే గట్ల రాసిండు" అని చెప్పి, కాగితం ఆమె బల్ల మీదే వదిలేసి వచ్చాను.