ఒక గడికి వంద కాయలు

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఇన్నేళ్ళ పంతులమ్మ ఉద్యోగంలో అది అక్కణ్ణుంచి కాస్తయినా కిందికి దిగలేదు. అల్లవరం దగ్గర మా బడిలో ఉన్నవి రెండే గదులు. ఒక గదిలో రెండో తరగతినీ మూడో తరగతినీ కలిపి నేనే చూస్తాను కాబట్టి, నా కోపం రెండు తరగతులకీ ఒకేసారి సరిపోతుంది.

రెండేళ్ళ క్రితం మాట. మూడో తరగతికి గ్రాఫులు మొదలుపెట్టాను. ఎవరికి ఏ పండు ఇష్టమో అడిగి, గళ్ళ కాగితం మీద తలకో గడి చొప్పున రంగు వేయించాను. మామిడి పట్టీ అన్నిటికంటే ఎత్తుగా లేచింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతవరకూ బాగానే ఉంది. లెక్క పెద్దదైతే కాగితం చాలదు, అప్పుడు ఒక గడిని పది అనుకోవాలి అని చెప్పగానే చిక్కొచ్చిపడింది. కనబడుతున్నది ఒకటే అయితే పది అని ఎందుకనుకోవాలని ముందు బెంచీవాడు అడిగాడు. మూడు రోజులు చెప్పాను, అరిచాను కూడా. వాళ్ళకి ఎక్కలేదు, నాకు గొంతు పోయింది.

పోనీ తేలిక దారిలో వెళదామని, ఇంట్లో అయిదు రోజులపాటు ఏదో ఒకటి లెక్కపెట్టి గ్రాఫు గీసుకురమ్మన్నాను. ఒకడు బాతుగుడ్లు లెక్కపెట్టాడు. ఇంకొకడు వాళ్ళ తాతయ్య తాగిన టీలు లెక్కపెట్టి ఇంట్లో తగువు తెచ్చాడు. ఆ తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల ఉండేది. అమ్మ కువైట్‌లో ఇంటిపనిలో ఉంది, నాన్న కొబ్బరికాయలు వలుస్తాడు. నాన్న రోజుకెన్ని కాయలు వలిచాడో ఆ పిల్ల గీసుకొచ్చింది. సోమవారం పన్నెండు గళ్ళు, మంగళవారం పదకొండు, వానపడిన బుధవారం ఖాళీ.

"మీ నాన్న పనికి వెళుతున్నాడా, పచ్చడికి కాయలు వలుస్తున్నాడా?" అన్నాను.

తరగతంతా నవ్వింది. ఆ నవ్వు నాకు కాస్త బాగానే ఉందని ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది. నేను కాగితం మీద ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి, లెక్కపెట్టడం రానివాళ్ళు మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలని చెప్పి, ఆ పిల్లని రెండో తరగతి పిల్లల మధ్య గచ్చు మీద కూర్చోబెట్టాను. నా తీరే అంత, నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

మూడో రోజు సాయంత్రం, ఆటో కోసం రోడ్డు మీద నిలబడి ఉన్నాను. పక్కనే ఒక వ్యాపారి దొడ్లో కాయల రాశి దగ్గర ఆ పిల్ల నాన్న పనిచేస్తున్నాడు. నన్ను చూసి లేచి, చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు.

"మా పిల్లకి లెక్కలు రావన్నారంటండి. దానికి చదువెక్కదేమో లెండి. అయిదో తరగతి అయ్యేక మానిపించేసి నాతో పనికి తెచ్చేసుకుంటానండి" అన్నాడు. గొంతులో నిష్ఠూరం కూడా లేదు. టీచరు చెప్పింది కాబట్టి నమ్మేశాడు, అంతే.

నేను రాశి వైపు చూశాను. లెక్క కట్టే మనిషి వలిచిన కాయల్ని రెండేసి చొప్పున అవతలికి విసురుతూ పైకి లెక్కపెడుతున్నాడు. వంద అనగానే ఒక కాయ తీసి పక్కనున్న గోనెపట్టా మీద పెట్టి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. అదేమిటని అడిగాను.

"వందకో కాయండి. పక్కనున్నయ్యి చూసుకుంటే ఎన్ని వందలో తెలిసిపోద్దండి. మా పిల్ల రోజూ వచ్చి అయ్యే లెక్కెట్టుకుని వెళ్తదండి."

తల కొట్టేసినట్టయింది. మా ఇంట్లో కొబ్బరికాయంటే దేవుడికి కొట్టేది, ఆ తర్వాత పచ్చట్లోకి వెళ్ళేది. వందల్లో లెక్కపెట్టే అవసరం మాకెప్పుడూ రాలేదు. నేను మూడు రోజులు గొంతు చించుకున్నది తాతకి దగ్గులు నేర్పడానికి. తప్పు పిల్లది కాదు, నాదని అతనికి చెప్పాను. ఆయ్, అలాగేనండి అన్నాడు. నమ్మి అన్నాడో, టీచరు గారన్న మర్యాదకి అన్నాడో తెలియలేదు.

మర్నాడు ఆ కాగితాన్ని గోడకి అంటించి, ఈ గ్రాఫు ఒప్పు, నేను పెట్టిన గీత తప్పు అని తరగతికి చెప్పాను. అంతమంది పిల్లల ముందు ఆ మాట అనడం నాకు అదే మొదలు. గడికెంతో కింద రాయమంటే ఆ పిల్ల వచ్చి 'ఒక గడికి వంద కాయలు' అని రాసింది. ముందు బెంచీవాడు కాసేపు చూసి, సోమవారం పన్నెండు వందలా అని నోరు తెరిచాడు. నా మూడు రోజుల పాఠం ఆ ఒక్క పూటలో అయిపోయింది.

ఇక నీ చోటుకి వెళ్ళమ్మా అన్నాను. ఆ పిల్ల తిన్నగా మళ్ళీ రెండో తరగతిలోకి వెళ్ళి గచ్చు మీద కూర్చుంది. కోపం పోలేదు కాబోలు అనుకుని దగ్గరికి వెళ్ళాను. ముగ్గురు చిన్నపిల్లల ముందు చింతపిక్కలు పోసి ఉన్నాయి. పది లెక్కపెట్టగానే ఒక పిక్క పక్కన పెడుతున్నారు. ఇరవై దాటితే తడబడే పిల్లలు వాళ్ళు. అప్పుడు తొంభైల్లో ఉన్నారు.

"ఈళ్ళకి ఇంకా పూర్తిగా రాలేదండి. వచ్చేసేక వస్తానండి" అంది. ఆ పిల్ల నాతో అన్ని మాటలు కలిపి మాట్లాడటం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం వచ్చిన ఆటోని పొమ్మని, రాశి దగ్గరికి వెళ్ళాను.

"మీ అమ్మాయిని మానిపిస్తే నా రెండో తరగతికి టీచరు ఉండదండీ" అన్నాను.

అతను నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని మొహం చిన్నబుచ్చుకున్నాడు. చింతపిక్కల సంగతి మొదటినుంచి చెప్పాను. వింటూ వింటూ తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు.

"అయితే మానిపించనండి" అన్నాడు.