కొలత పెట్టని వెదురు

మొన్న పొద్దున్న నేను డ్యూటీలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"మామ పోనాడే. బేగి రా."

మామ అంటే మా పక్కింటి తాత. నా నోట్లోంచి ముందు వచ్చిన మాట, "పడిపోయాడా?" అని.

"పడనేదు. జొరం. గంజి తాగి పడుకున్నోడు మరి లెగనేదు. ఏటే, అలా అడుగుతన్నావు?"

ఎందుకలా అడిగానో అమ్మకి చెప్పలేను. మీకు చెబుతాను.

మాది అరకు దగ్గర కొండవాలు మీద ఊరు. నేను ఫిజియోథెరపిస్టుని. కాళ్ళు విరిగినవాళ్ళకీ, పక్షవాతం వచ్చినవాళ్ళకీ మళ్ళీ నడక నేర్పడం నా ఉద్యోగం. పట్నంలో ఏళ్ళ తరబడి చదివి వచ్చాను. తాత బడి గడప తొక్కలేదు. కాఫీ తోట పని అయ్యాక వాకిట్లో కూర్చుని వెదురు కర్రలు చెక్కేవాడు. నా పేషెంట్లు ఆస్పత్రిలో వాకర్ తీసుకుని, దాన్ని మోసుకుంటూ నేరుగా ఆయన వాకిట్లోకి వెళ్ళేవారు. నాకు కడుపు మండిపోయేది. ఆయన మంచితనం గురించి ఊరంతా చెబుతుంది. నేను నా కుళ్ళు గురించి చెబుతాను, అది నాకే బాగా తెలుసు.

నా వాకర్లు ఆస్పత్రి గచ్చు మీద చక్కగా నిలబడేవి. మా ఊరి వాలు మీద నాలుగు కాళ్ళూ ఒకేసారి ఆనవు. ఆ సంగతి ఇక్కడే పుట్టిన నాకు తట్టలేదు. ఒకామె నేనిచ్చిన వాకర్ మీదికి ఆనప పాదు ఎక్కించింది. కాయలు కూడా కాశాయి. ఒక కాయ నాకే తెచ్చి ఇచ్చింది.

తాత పద్ధతి వేరు. వచ్చినవాళ్ళ చెప్పులు తిరగేసి ఎక్కడ అరిగాయో చూసేవాడు. తర్వాత పనసచెట్టు దాకా నడిపించి, వెనక నుంచి చూసేవాడు. "కాలు అబద్దమాడతాది, నడుం ఆడదు" అనేవాడు. చేతులు వేలాడేసి నిలబడమని, మణికట్టు దగ్గర వెదురు మీద బొటనవేలి గోరుతో గీత పెట్టేవాడు. అక్కడ కోసి, అడుగున పాత టైరు ముక్క మేకుతో కొట్టేవాడు. అంతే. నేను టేపు పెట్టి కొలిచి చూశాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు.

కొండదారిలో మావాళ్ళు ఒకరి వెనక ఒకరు నడుస్తారు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళని ముందు పెడతారు. తాత ఈ విషయంలో గట్టివాడు. సంతకి వెళ్ళేటప్పుడు ఎవరైనా తొందరపడి దాటబోతే, "ఎనక్కి రా. ముందోడి అడుగే మనందరి అడుగు" అనేవాడు.

రెండేళ్ళ కిందట అమ్మ కాఫీ పళ్ళు కోస్తూ జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక నెలన్నర నేనే దగ్గరుండి వాకర్‌తో నడిపించాను. అమ్మ గడప దాటలేదు. "నా వల్ల కాదే" అని కూలబడేది. ఒకరోజు సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి అమ్మ ఇంట్లో లేదు. తాత వాకిట్లో, కర్ర పట్టుకుని, పనసచెట్టు వైపు నడుస్తోంది.

అమ్మ నడిచినందుకు నాకు సంతోషం కలగాలి. కలగలేదు. కర్ర ఏ చేతిలో ఉందో చూశాను. మా దగ్గరకొచ్చే వాళ్ళలో సగంమంది నొప్పి ఉన్న కాలి వైపే పట్టుకుంటారు, అది తప్పు. అమ్మ సరైన చేతిలోనే పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. "డాక్టరు గుంట వొచ్చీనాది, సూపించు నీ నడక" అని తాత నవ్వాడు. ఊళ్ళో ఆడపిల్లలందరూ ఆయనకి గుంటలే. ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఉండుంటే బాగుండేది.

ఈమధ్య ఆయన అడుగు చప్పుడు మారింది. ఎడమ మోకాలు. గోడ అవతల నుంచే నాకు తెలిసింది. ఒకరోజు కోయని నిలువు వెదురొకటి పట్టుకుని మా అరుగు మీదికి వచ్చాడు.

"నాకో కర్ర కొలిసి పెట్టవే గుంటా. ఎవుడి కర్ర ఆడు కొలుసుకోలేడు. గీత పెడదామని వొంగితే బుజం దిగిపోద్ది."

రెండు నిమిషాల పని. ఊరందరికీ కొలిచిన చెయ్యి నన్ను అడుగుతోంది. ఎన్నాళ్ళుగానో నేను కోరుకున్నది అదే. అయినా ఏమన్నానో తెలుసా? "ఆస్పత్రికి రా తాతా. చీటీ రాయించుకో, అక్కడ చూస్తాను."

"అలాగేలే" అన్నాడు. వెదురు మా గోడకే ఆనించి, "నీకు తీరికైనప్పుడు" అని వెళ్ళిపోయాడు. ఆయన ఆస్పత్రికి రాలేదు. నాకు తీరిక కాలేదు. రెండు నెలలు రోజూ ఆ వెదురు పక్కనుంచే డ్యూటీకి వెళ్ళాను.

మొన్న ఇంటికి రాగానే ఆ వెదురు తీసుకెళ్ళి, చాప మీద పడుకోబెట్టిన తాత పక్కన పెట్టాను. మడమకి సరిగ్గా ఆనించి, మణికట్టు దగ్గర గోరుతో గీత పెట్టాను. అమ్మ దగ్గరికొచ్చి చూసింది.

"పొడుగైపోద్దే. మామ నడుం వొంగిపోయినోడు. పడుకుంటే సాగినాడు."

నిజమే. నిలబడి ఉండగా కొలవాలి. అయినా ఆ గీత దగ్గరే, ఆయన కత్తితోనే కోశాను.

కొండ మీదికి మోసుకెళ్ళేటప్పుడు కర్రలున్న వాళ్ళందరినీ ముందు నడిపించారు. అమ్మ అందరికన్నా ముందు. పాడె మోసేవాళ్ళు అమ్మ అడుగుకి తమ అడుగు కలుపుకున్నారు. నేను కోసిన కర్ర తాత పక్కనే పెట్టి మట్టి కప్పారు.

దిగేటప్పుడు నేను అందరికన్నా వెనక ఉన్నాను. అంతకుముందే వాన పడి ఎర్రమట్టి మెత్తగా ఉంది. దారి అంచున, అడుగుల పక్కన, కర్రలు దిగిన గుండ్రటి గుర్తులు ఊరి దాకా ఉన్నాయి. అన్నీ తాత కోసిన కర్రలవే. నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది. నేను కోసిన కర్ర గుర్తు ఆ దారిలో ఒక్కటీ లేదు.